నూరు వాట్ల లైటును విప్పి చూశాం

మన వార్షికోత్సవ సంచికలో విహారయాత్రల గురించి, స్నేహం గురించి, వీడ్కోలు గురించి రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. మేము ఆరుగురం, పదో తరగతి వాళ్లం, ఈసారి ఒక లైటు గురించి రాస్తున్నాం. అదీ చెడిపోయిన లైటు. పేజీ తిప్పేయకుండా చదవమని మనవి.

మా ఆరుగురిలో ఒకరి నాన్న మార్కాపురం దగ్గర పలకల కార్ఖానాలో పనిచేస్తారు. ఒకప్పుడు మార్కాపురం అంటే బడిపిల్లల పలకలే. నోటుపుస్తకాలు వచ్చాక వాటి గిరాకీ తగ్గింది. ఇప్పుడు అదే రాయిని నేలకూ గోడలకూ వేసే బండలుగా కోసి విదేశాలకు కూడా పంపుతున్నారు. కోసేటప్పుడు మిషను బ్లేడు మీద నీళ్లు పడుతూనే ఉంటాయి కాబట్టి కింద ఎప్పుడూ తడే. ఆరిన చోట మాత్రం బూడిద రంగు దుమ్ము. రాత్రి పని కోసం యజమాని ఐదు ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు కొన్నారు. ఒక్కొక్కటి 450 రూపాయలు. డబ్బా మీద "100 వాట్లు, 50,000 గంటలు, ఐపీ 65" అని పెద్ద అక్షరాలు. నాలుగు నెలలకే ఒకటి ఆరిపోయింది. పారేయబోతుంటే మావాడి నాన్న అడిగి తెచ్చి, "చదువుకునే పిల్లలు కదా, లోపల ఏముందో చూడండి రా" అని ఇచ్చారు. ఇస్తూ ఇంకో మాట కూడా అన్నారు. మిగతా వాటిని సర్దేటప్పుడు చెయ్యి తగిలితే జిల్లుమంటోందట.

వార్డెన్ సార్ ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. హాస్టల్లో దాన్ని కరెంటుకు తగిలించకూడదు, ఎలక్ట్రీషియన్ అన్న పక్కన ఉన్నప్పుడే విప్పాలి. ఆ అన్న కూడా ఒకప్పుడు మన హాస్టల్లో చదివినవాడే. ఆదివారం మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు పట్టుకుని వచ్చాడు.

ముందుగా కిరాణా కొట్టు కాటాలో తూచాం. 640 గ్రాములు. అన్న దగ్గర పాత సామానులో మంచి కంపెనీ 100 వాట్ల లైటు ఒకటి ఉంది. అది రెండున్నర కిలోల పైనే తూగింది. ఆ బరువంతా అల్యూమినియమే. ఎల్‌ఈడీ వేడెక్కదని చాలామంది అనుకుంటారు. వెలుతురులో వేడి లేకపోవచ్చు గానీ, తీసుకున్న కరెంటులో సగానికి పైగా చిప్పు దగ్గర వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి లాగేది అల్యూమినియమే. మన మార్కాపురం, గిద్దలూరు వైపు వేసవిలో పగలు నలభై దాటుతుంది, రేకుల షెడ్డు కింద రాత్రయినా చల్లబడదు. అలాంటి చోట పలచటి బాడీ ఎన్నాళ్లు ఆగుతుంది?

అద్దం తీయగానే వేళ్లకు దుమ్ము అంటింది. ఐపీ 65లో 6 అంటే దుమ్ము అసలు చొరబడకూడదు, 5 అంటే నీళ్లు చిమ్మినా లోపలికి పోకూడదు. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు రింగు చివరలు కలవనేలేదు, మధ్యలో బియ్యపు గింజంత సందు. ఆ సందు వైపే రాతిదుమ్ము చార కట్టి ఉంది.

లోపల తెల్లటి రేకు మీద 88 పసుపు చుక్కలు. ఒక్కొక్క చిప్పు 2.8 మిల్లీమీటర్ల వెడల్పు, 3.5 మిల్లీమీటర్ల పొడవు, అందుకే దీన్ని 2835 అంటారని అన్న చెప్పాడు. చిప్పులో పుట్టేది నీలి వెలుతురు. పైనున్న పసుపు పూత అందులో కొంత భాగాన్ని మార్చితే మన కంటికి తెలుపుగా కనిపిస్తుంది. ఆ నీలి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అంత గొప్ప వస్తువు మా ముందు 450 రూపాయల డబ్బాలో ఉంది.

చిప్పులన్నీ దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి. మల్టీమీటరును డయోడు గుర్తు మీద పెట్టి ఒక్కొక్క దాన్ని తాకిస్తే మిణుగురులా సన్నగా వెలిగాయి. 31వది వెలగలేదు. భూతద్దంతో చూస్తే దాని మీద ఆవగింజలో సగమంత నల్ల మచ్చ. దండలో ఒక్క పూస తెగినా అంతా ఆరిపోతుందని పాఠంలో చదివిందే. అన్న ఆ రెండు కొసలనూ సోల్డరుతో కలిపి, తన షాపుకి తీసుకెళ్లి వెలిగించి చూపించాడు. "వెలిగిందని సంబరపడొద్దు, మిగతా 87 కూడా ఇదే పొయ్యి మీద ఉడికినవే" అన్నాడు.

మరి ఆ పొయ్యి సంగతి. రేకును వెనక్కి తిప్పితే, వేడి బాడీకి చేరడానికి పూయాల్సిన తెల్ల పేస్టు మధ్యలో రూపాయి బిళ్లంత మాత్రమే ఉంది. నాలుగు స్క్రూల రంధ్రాల్లో రెండు ఖాళీ. విడిగా డ్రైవర్ పెట్టె లేదు, 230 వోల్టుల కరెంటు నేరుగా ఈ రేకు మీదికే వచ్చి, చిన్న ఐసీలు నాలుగింటి గుండా చిప్పులకు వెళుతోంది. వోల్టేజి పెరిగితే ఎక్కువైనదంతా ఆ ఐసీల్లోనే వేడిగా మారుతుంది. కరెంటు ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడే నీలి బిళ్ల కోసం రేకు మీద గుండ్రంగా గుర్తు వేశారు, రెండు రంధ్రాలూ పెట్టారు. బిళ్ల మాత్రం లేదు. గీసినవాడికి అవసరం తెలుసు, అమ్మినవాడికి ధర తెలుసు అనిపించింది మాకు.

వాట్ల లెక్క తేల్చడానికి వెలుగుతున్న వాటిలో ఒకటి అడిగి తెచ్చి మా మిత్రుడి ఇంట్లో వేశాం. ఆ ఇంటి మీటరు మీద యూనిట్‌కు 3200 అని ఉంది. అంటే ఎర్ర చుక్క 3200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్. యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కాబట్టి ఒక్కో మినుకు 1125 జౌళ్లు. ఇంట్లో అన్నీ ఆపేసి ఆ లైటొక్కటే ఉంచాం. నిజంగా నూరు వాట్లయితే 11 సెకన్లకోసారి మినుకుమనాలి. పదిసార్లు చూసి సగటు తీస్తే 21 సెకన్లు వచ్చింది. 1125ను 21తో భాగించండి, 54 వాట్లు కూడా రావు. కరెంటు బిల్లు తగ్గింది కదా అని ఎవరైనా అనవచ్చు. వెలుతురు కూడా తగ్గిందిగా! అసలు వెలుతురును కొలిచేది వాట్లతో కాదు, ల్యూమెన్లతో. డబ్బా మీద ఆ మాటే లేదు. బీఐఎస్ వారి ఆర్ నంబరు కూడా కనిపించలేదు. ఆ నంబరు ఉంటే ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి నిజమో కాదో చూసుకోవచ్చు.

ఇక 50,000 గంటల మాట. రోజుకు 12 గంటల చొప్పున అది పదకొండేళ్ల పైన. ఈ లైటు వెలిగింది సుమారు 1,440 గంటలు.

ఇవన్నీ డబ్బు నష్టాలు. జిల్లుమనడం వేరే సంగతి. లైటులోంచి మూడు వైర్లు బయటికి వస్తాయి. ఆకుపచ్చ వైరు ఎర్తు, అది బాడీకి స్క్రూతో బిగించి ఉండాలి. మీటరుతో చూస్తే ఆ వైరుకూ బాడీకీ సంబంధమే లేదు. లోపల దాని కొసను కత్తిరించి టేపు చుట్టి వదిలేశారు. కరెంటు పారే రాగి గీతలకూ అల్యూమినియానికీ మధ్య ఉన్నది పలచటి పొర ఒక్కటే. తేమ వల్లో వేడి వల్లో ఆ పొర తెగితే బాడీ అంతా కరెంటే. తడి చేతులతో, తడి నేల మీద నిలబడేది మావాడి నాన్న. ఇది విన్నాక మేమెవరం జోకులు వేయలేదు.

తర్వాతి ఆదివారం వార్డెన్ సార్ అనుమతితో అన్నతో కలిసి కార్ఖానాకు వెళ్లాం. మెయిన్ ఆపి నాలుగు లైట్లూ దించి చూశాం. మూడింటిలో ఎర్తు కలపలేదు. నాలుగోదానికి లోపల కలిపి ఉంది గానీ, బయట రెండు పిన్నుల ప్లగ్గు తగిలించి ఆకుపచ్చ వైరును చుట్టి పెట్టారు. అంటే తప్పంతా తయారుచేసినవాడిది మాత్రమే కాదన్నమాట. అన్న అన్నింటికీ స్క్రూ వేసి ఎర్తు బిగించి, మూడు పిన్నుల ప్లగ్గులు పెట్టాడు. ఎర్తు గొయ్యి ఎండి నెర్రెలిచ్చి ఉంటే రెండు బిందెల నీళ్లు పోశాం. పని మొదలుపెట్టకముందు బాడీకి తాకిస్తే వెలిగిన టెస్టరు ఇప్పుడు వెలగలేదు. లీకేజీ అయితే దానంతట అదే పడిపోయే స్విచ్చు కూడా మెయిన్ దగ్గర పెట్టించమని అన్న చెప్పాడు. యజమాని ధర అడిగి, సరే పెట్టిద్దాం అన్నారు. మేము ఈ వ్యాసం రాసేనాటికి ఇంకా పెట్టలేదు. మావాడు ప్రతి వారం నాన్నకు ఫోన్ చేసి అదే అడుగుతున్నాడు.

ఐదో లైటు స్థానం ఖాళీగానే ఉంది. కొత్తది కొనేటప్పుడు అక్కడే విప్పించి చూశాకే డబ్బులిస్తానంటున్నారు యజమాని. కొట్టతను ఒప్పుకోవాలి మరి.