కర్రకా, కాలికా... ఓటెవరికి?

కెన్ లోచ్ తీసిన ‘ది విండ్ దట్ షేక్స్ ది బార్లీ’ మీలో ఎంతమంది చూశారో గాని, చూసినవాళ్ళకి మొదటి సీను గుర్తుండే వుంటుంది. పచ్చటి మైదానం, వంకర కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు, చిన్న బంతి వెంట పరుగులు, తోపులాటలు, కేకలు! 2006లో కాన్ చిత్రోత్సవంలో ‘పామ్ డోర్’ కొట్టేసిన చిత్రం అది. తర్వాత ‘ఓపెన్‌హైమర్’తో ఆస్కార్ అందుకున్న కిలియన్ మర్ఫీయే అందులో హీరో. ఆ సీను చూసి మా స్నేహితుడొకడు “హాకీ బాగా తీశాడ్రా” అన్నాడు. నాతో అన్నాడు కాబట్టి సరిపోయింది. అదే మాట ఐర్లండులో అని వుంటే ఆ పూట వాడికి భోజనం పెట్టేవాళ్ళు కాదు! అది హాకీ కాదు, హర్లింగు.

ఇక 2020లో వచ్చిన ‘నార్మల్ పీపుల్’ సీరియల్‌లో హీరో ఆడేది గేలిక్ ఫుట్‌బాల్. ఆ వేషం వేసిన పాల్ మెస్కల్... అదేనండీ, 2024లో ‘గ్లాడియేటర్ 2’లో కత్తి తిప్పినాయన... సినిమాల్లోకి రాకముందు కిల్డేర్ కౌంటీ కుర్రాళ్ళ జట్టుకి నిజంగానే గేలిక్ ఫుట్‌బాల్ ఆడాడు. కాబట్టి ఆ సీన్లకి డూపు బాధ లేకపోయింది.

ఈ రెండాటల్లో ఏది గొప్ప? మన దగ్గర ఒకప్పుడు ఎన్టీఆరా, ఏయెన్నారా అని కాలేజీ క్యాంటీన్లలో ఎలా కొట్టుకునేవాళ్ళో, ఐర్లండులో దీని గురించి అలా కొట్టుకుంటారు. ఉద్యోగం పేరు చెప్పి నాలుగేళ్ళు డబ్లిన్‌లో వున్నాను. నా టేబులుకి అటు కార్క్ కౌంటీ మిత్రుడు, ఇటు కెర్రీ కౌంటీ ఆవిడ. ఆయనకి హర్లింగు ప్రాణం. ఆవిడకి ఫుట్‌బాల్ మతం. మధ్యలో నేను! మధ్యాహ్నం భోజనాల వేళ రోజూ ఇదే సభ. చివరికి ఇద్దరూ నావైపు తిరిగి “నువ్వు చెప్పు, నీకు పక్షపాతం లేదుగా” అనేవాళ్ళు. అప్పటికి తప్పించుకున్నాను గాని, ఇప్పుడు మీముందు చెప్పేస్తాను.

ముందు రెంటికీ కలిసే సంగతులు. రెండూ ఒకే మైదానంలో ఆడతారు. జట్టుకి పదిహేనుమంది. గోలుపోస్టు ఇంగ్లీషు ‘హెచ్’ అక్షరంలా వుంటుంది. అడ్డకర్ర కిందినుంచి బంతి వెళితే గోలు, అంటే మూడు పాయింట్లు. పైనుంచి వెళితే ఒకటి. పెద్ద పోటీల్లో ఆట 70 నిమిషాలు. రెంటినీ నడిపేది ఒకటే సంస్థ, గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. 1884లో టిప్పరరీ కౌంటీ థర్ల్స్ వూళ్ళో ఒక హోటల్లో మొదలుపెట్టారు. అన్నిటికంటే విచిత్రం, ఆటగాళ్ళెవరికీ జీతం లేదు! క్రోక్ పార్కులో 82 వేలమంది ఈలలు వేస్తుంటే ఆదివారం ఫైనల్ ఆడిన వీరుడు మళ్ళీ బడికో, పొలానికో, ఆఫీసుకో పోవాల్సిందే. కెర్రీవాళ్ళు దేవుడిలా చూసుకునే డేవిడ్ క్లిఫర్డ్ వృత్తిరీత్యా స్కూలు మాస్టారు. మన హీరోగారు వంద రోజుల ఫంక్షన్ చూసుకుని మర్నాడు హాజరుపట్టీ తీసి పేర్లు పిలుస్తున్నట్టు వూహించుకోండి!

సరే, హర్లింగు సంగతి. కర్ర పేరు హర్లీ. యాష్ అనే చెట్టు మొదలు దగ్గర, వేరు వంపు తిరిగే చోట కోసి చేస్తారు, ఆ వంపే కర్రకి బలం. బంతిని ‘స్లిటర్’ అంటారు. టెన్నిస్ బంతి కంటే కాస్త పెద్దది, పైన తోలు, బరువు 110 నుంచి 120 గ్రాములు. గట్టిగా కొడితే గంటకి 150 కిలోమీటర్లు దాటుతుంది. నేలమీది బంతిని చేత్తో తీయకూడదు. పరుగు ఆపకుండా కర్ర చివరతో లేపి, గాల్లో అందుకుని, మీదికొస్తున్న ముగ్గుర్ని తప్పించుకుని, మళ్ళీ గాల్లోనే కొట్టాలి. చేత్తో పట్టుకుని నాలుగడుగులు మించి వేయరాదు. అందుకని బంతిని కర్ర కొసన నిలబెట్టుకుని పరుగెత్తుతారు. చెంచాలో నిమ్మకాయ పందెం గుర్తుందా? అదే, నూరుమీటర్ల పందెం వేగంతో, పక్కనుంచి ఒకడు మీ చెంచామీద దుడ్డుకర్రతో కొడుతుంటే!

ఇంకోటి. పైనుంచి దిగే బంతికోసం నాలుగు కర్రలు ఒకేసారి లేస్తాయి. వాటి మధ్యలోంచి ఒకడు ఉత్త చెయ్యి పైకి చాచి బంతి పట్టేస్తాడు. మొదటిసారి చూసినప్పుడు నా వేళ్ళు నేనే ముడుచుకున్నాను. హెల్మెట్ అందరికీ తప్పనిసరి చేసింది 2010లో. అంతకుముందు చాలామంది ఉత్త తలతోనే దిగేవాళ్ళు. ఐరిష్ పురాణాల్లో కుహులిన్ అనే వీరుడు చిన్నతనంలో, మీదికి దూకిన వేటకుక్క గొంతులోకి ఈ బంతినే కొట్టి చంపాడని కథ. మన పౌరాణిక చిత్రాలకి తీసిపోని సీను! యునెస్కోవారు 2018లో హర్లింగుని మానవజాతి సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చారు.

అయితే సినిమావాళ్ళ భాషలో ఒక మాట. హర్లింగు కెమెరాకి లొంగదు. బంతి కొట్టడం కనిపిస్తుంది, తర్వాత ఎటు పోయిందో తెలియదు. జనం అరుపుని బట్టి పాయింటు వచ్చిందని గ్రహించాలి. టీవీలో చూసి పెదవి విరిచేవాళ్ళు ఒక్కసారి మైదానంలో కూర్చోవాలి. కర్రకి కర్ర తగిలిన చప్పుడు వుంది చూశారూ, దాన్ని ఏ రీరికార్డింగ్ థియేటర్లోనూ పుట్టించలేరు.

ఫుట్‌బాల్ అలా కాదు. పెద్ద బంతి, నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా అందరికీ కనిపిస్తుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. నాలుగడుగులకోసారి నేలకి కొట్టాలి, లేదా పాదంతో ఎగరేసి మళ్ళీ చేతిలోకి తీసుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకి కొట్టడం మాత్రం కుదరదు. “ఇందులో ఏముంది, మా ఇంటిపక్క పిల్లలూ ఆడతారు” అనేవాడు కార్క్ మిత్రుడు. అక్కడే వుంది కిటుకు! క్లిఫర్డ్ బూటు బయటి అంచుతో తన్నిన బంతి, పోస్టు పక్కకి పోతున్నట్టే పోయి ఆఖర్న వంకర తిరిగి లోపలికొస్తుంది. చూస్తే చాలా తేలిగ్గా వుంటుంది. చేసి చూడండి! హర్లింగులో కష్టం కంటికి కనిపిస్తుంది. ఫుట్‌బాల్‌లో మంచి నటుడి నటనలా దాక్కుంటుంది.

కాని ఫుట్‌బాల్‌కి ఒక జబ్బు పట్టింది. పదిహేనుమందీ వెనక్కిపోయి కోట కట్టుకుని కూర్చునే ఎత్తు. 2011 సెమీఫైనల్లో డబ్లిన్‌కి ఎనిమిది పాయింట్లు, డొనెగాల్‌కి ఆరు. డెబ్బై నిమిషాలకి అంతే! అలాంటి సినిమాకి జనం ఇంటర్వెల్‌లోనే లేచిపోతారు. చివరికి 2025లో రూల్సు మార్చారు. 40 మీటర్ల గీత అవతలినుంచి కొడితే రెండు పాయింట్లు, ఒక్కో జట్టు ముగ్గుర్ని ఎప్పుడూ అవతలి సగంలో వుంచి తీరాలి. దాంతో ఆటకి ప్రాణం వచ్చింది. ఆ ఏడాది ఫైనల్లో కెర్రీ 1-26తో డొనెగాల్ని ఓడించింది. అంటే ఒక గోలు, 26 పాయింట్లు. కెర్రీ ఆవిడ మర్నాడు ఆఫీసుకి తెచ్చిన కేకు నేనూ తిన్నాను కాబట్టి ఇక్కడ నా సాక్ష్యాన్ని కొంచెం తగ్గించుకోండి.

కథాబలం కావాలంటే 1982కి వెళ్ళాలి. కెర్రీ వరసగా నాలుగేళ్ళు గెలిచింది. ఐదోది గెలిస్తే ఎవరూ చేయని ఘనత. విజయగీతం కూడా ముందే రికార్డు చేసి పెట్టారు! ఆట ముగియడానికి రెండు నిమిషాలుందనగా కెర్రీ రెండు పాయింట్లు ముందుంది. అప్పుడు ఒఫలీ జట్టులో, మధ్యలో దిగిన షేమస్ డార్బీ అనే ఆటగాడు పైనుంచి వచ్చిన బంతి పట్టి గోలు కొట్టాడు. ఒక్క పాయింటుతో కెర్రీ ఓడింది. అతను ముందు మా డిఫెండర్ని వీపుమీద తోశాడని కెర్రీలో ఇప్పటికీ వాదన. మా ఆఫీసావిడ తండ్రి ఆ గోలు టీవీలో వస్తే చాలు, కట్టేస్తారట.

ఇలాంటి కథ హర్లింగులో వుందా అంటే, 2025 ఫైనల్ నేను కార్క్ మిత్రుడి ఇంట్లో చూశాను. కార్క్ కప్పు గెలిచి అప్పటికి ఇరవయ్యేళ్ళు. సగం ఆటకి టిప్పరరీమీద ఆరు పాయింట్లు పైన. ఆయన టీ పెట్టి కూనిరాగాలు తీస్తున్నాడు. రెండో సగంలో కార్క్ చేసినవి ఎన్నో చెప్పుకోండి? రెండు! ముప్ఫై అయిదు నిమిషాలకి రెండే పాయింట్లు! టిప్పరరీ మూడు గోల్సు దించింది. వాళ్ళ గోల్‌కీపరు రిస్ షెల్లీ పెనాల్టీ ఆపి, తనూ ఒక పాయింటు కొట్టాడు. 3-27కి 1-18. మా మిత్రుడి ఎనిమిదేళ్ళ కూతురు జెర్సీ విప్పి, మడతపెట్టి, తండ్రి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఆయన టీ అలాగే చల్లారింది. నేను కోటు తీసుకుని చప్పుడు కాకుండా బయటికొచ్చాను.

“ఫుట్‌బాల్ అందరిదీ, హర్లింగు నాలుగు కౌంటీల సొత్తు” అని ఆవిడ వాదన. ముప్ఫైరెండు కౌంటీల్లో ఫుట్‌బాల్ దాదాపు అంతటా వుంది, హర్లింగు బలం దక్షిణాదిన కొన్ని చోట్లే, నిజమే. కాని నేను లెక్క తీశాను. 2000 నుంచి 2025 దాకా హర్లింగు కప్పు గెలిచిన కౌంటీలు ఆరు. ఫుట్‌బాల్‌వి? ఏడు! ఈ లెక్క చెప్పిన రోజు ఇద్దరూ నాతో మాట్లాడలేదు.

రెండూ ఆడిన మహానుభావులూ వున్నారు. కార్క్‌కి చెందిన జాక్ లించ్ 1941 నుంచి 1946 దాకా వరసగా ఆరేళ్ళు ఆరు పతకాలు గెలిచాడు. ఐదు హర్లింగులో, 1945ది ఫుట్‌బాల్‌లో. తర్వాత దేశానికి రెండుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. మనకి వెండితెర నుంచి ముఖ్యమంత్రి వచ్చినట్టే వాళ్ళకి మైదానం నుంచి! ఇంకో సంగతి మన అభిమాన సంఘాలు చెవిన వేసుకోవాలి. క్రోక్ పార్కులో ఇరుపక్షాల వాళ్ళకి వేరే గడులు లేవు. పక్కపక్కనే కూర్చుని తిట్టుకుంటారు, ఇంటర్వెల్‌లో శాండ్‌విచ్ పంచుకుంటారు.

నా ఓటు సంగతి. పనితనం హర్లింగుదే, సందేహం లేదు. కర్ర, బంతి, చెయ్యి, పరుగు నాలుగూ ఒకేక్షణంలో కలవాలి. చూడ్డానికి టిక్కెట్టు ఒక్కటే దొరికితే హర్లింగుకే పోతాను. కాని బంతి చేతికిచ్చి ఆడమంటే ఫుట్‌బాలే. ఇరవయ్యేళ్ళ వాడైనా నేర్చుకుని క్లబ్బులో నిలబడగలడు. హర్లింగు అయిదారేళ్ళకే చేతికి అంటాలి. పెద్దయ్యాక పట్టుకుంటే అది చేతిలో కర్రగానే మిగిలిపోతుంది.

ఆ సంగతి మా ఇంట్లోనే తేలింది. అక్కడే వున్న మా అక్కయ్య కొడుక్కి పదేళ్ళు. “మామయ్యా, దేంట్లో చేరను?” అని అడిగాడు. ఫుట్‌బాల్ అన్నాను. వాడు హర్లింగులో చేరాడు! తోటిపిల్లలు నాలుగేళ్ళు ముందున్నారు. వీడు పొద్దున్నా సాయంత్రం ఇంటి పక్కగోడకి బంతి కొడుతూనే వున్నాడు. టక్... టక్... టక్... పక్కింటి ముసలాయన ఒకరోజు బయటికొచ్చాడు. తిడతాడనుకుని అక్కయ్య పరుగెత్తింది. ఆయన మనవాడి చేతివేళ్ళు కర్రమీద సరిచేసి, “ఎడమవైపు కూడా కొట్టు” అని చెప్పి లోపలికి పోయాడు.

మూడోనెలలో కర్ర విరిగింది. కర్రలు చేసేవాణ్ణి అడిగితే యాష్ చెట్లకి తెగులు పట్టిందన్నాడు. ఐర్లండులో ఆ తెగులు మొదట కనిపించింది 2012లో. చెట్లు ఎండిపోతున్నాయి. కలప చాలావరకు బయటి దేశాల నుంచి తెప్పించుకుంటున్నారు. ఇప్పుడు వెదురు కర్రలు కూడా వచ్చాయి. మావాడు వెదురుదే తీసుకున్నాడు. కార్క్ మిత్రుడికి చెబితే, చప్పుడు వేరేగా వుంటుందని మొహం చిట్లించాడు. నేను విన్నాను. వేరేగానే వుంది. వాడికి మాత్రం ఆ తేడా తెలియదు, ఇంకా గోడకి కొడుతూనే వున్నాడు.