మూడు వారాలకో ఇంజెక్షన్

"పడుకుంటే ఊపిరాడటం లేదండీ. రాత్రంతా గోడకానుకుని కూచుంటున్నా" అంది జాండ్రపేట నుంచి వచ్చిన ఆరో నెల గర్భిణి. అప్పటిదాకా రక్తం తక్కువని మాత్రలు వాడుతోంది. ఎడమ పక్కకు తిరగమని, స్టెతస్కోపు బెల్‌ను గుండె కొస మీద తేలిగ్గా ఆనించాను. రెండో చప్పుడు తర్వాత సన్నటి గురగుర. మైట్రల్ కవాటం మూసుకుపోతోంది. గర్భిణిలో నెత్తురు దాదాపు సగం మేర పెరుగుతుంది. ఆ వరదను ఇరుకైన కవాటం తట్టుకోలేదు. అందుకే చాలామందిలో ఈ జబ్బు కడుపుతో ఉన్నప్పుడే బయటపడుతుంది.

చిన్నప్పుడు కీళ్లు వాచాయా అని అడిగితే తల్లి చెప్పింది: "నాలుగో క్లాసులో మోకాలు వాచింది. అది తగ్గి చీలమండ వాచింది. వాతమన్నారు. దానంతటదే పోయింది." కీళ్లు కుదుటపడ్డాయి, కవాటం మాత్రం పాడైపోయింది.

బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ 1909లో గుర్తించిన జబ్బూ ఇంతే. మట్టిగోడల పగుళ్లలోని పురుగు ద్వారా ఒంట్లో చేరి, పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఏళ్ల తర్వాత గుండెను దెబ్బతీస్తుంది. మన పేదల ఇళ్లలో ఆ పని చేసేది, ఈమెకు చిన్నప్పుడు కీళ్లవాపుగా వచ్చిన రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పితో మొదలవుతుంది. 9 రోజుల్లోపు పెన్సిలిన్ పడితే ఆగిపోతుంది.

ఆమెకు గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, నీరు లాగే ఫ్రూసెమైడ్ మొదలుపెట్టి గుంటూరు పంపాను. అక్కడ బెలూన్‌తో కవాటం తెరిచారు. కాన్పు క్షేమంగా జరిగింది.

అసలు కష్టం ఆ తర్వాతే. ఆ జ్వరం మళ్లీ రాకుండా బెంజథీన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు మూడు వారాలకోసారి, కనీసం 40 ఏళ్ల వయసు వచ్చేదాకా వేయించుకోవాలి. మందు చిక్కన, వేసినచోట సలుపుతుంది. రియాక్షన్ భయంతో చాలా క్లినిక్కుల్లో వేయనే వేయరు. చీర మగ్గం దిగితే గానీ కూలి చేతికిరాని ఇంట్లో ఒక పూట పోవడం చిన్న నష్టం కాదు. పేరాల నేతగాడొకాయన అలాగే మానేశాడు. గుండె లయ తప్పి, లోపల గడ్డకట్టిన నెత్తురు మెదడుకు చేరి, కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడు నెత్తురు గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మీద ఉన్నాడు. ఈ జబ్బులో కొత్త మాత్ర దానికి సాటిరాలేదని 2022లో ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది కనుక, ఆయనకు తరచూ రక్తపరీక్షలు తప్పవు.

కవాటం తెరిచే వైద్యం మనకు అందుబాటులోకి వచ్చింది. ఇంజెక్షన్ తేదీ గుర్తుపెట్టుకుని కబురుచేసే మనిషి ఇంకా కావాలి. ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఈ రోగుల పేర్లతో ఒక రిజిస్టరు, రియాక్షన్ వస్తే వాడేందుకు పక్కనే అడ్రినలిన్, వేసే ధైర్యమున్న నర్సు ఉంటే చాలు. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: జ్వరంతో బిడ్డ కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే, వాపు తగ్గినా సరే, గుండె పరీక్ష చేయించండి.