నిమిరే చేతికే తెలుస్తుంది

రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుంటే పిల్లి వచ్చి ఆమె ఒళ్లో చేరడం అలవాటు. ఓరోజు నిమురుతుంటే రెండు భుజాల మధ్య బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. 'మొన్న టీకా వేయించాం కదా, ఆ వాపే అయ్యుంటుంది' అన్నాడాయన. చాలా పిల్లుల్లో జరిగేదీ అదే. ఆ వాపు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది.

మూడు నెలలకు ఆ గడ్డ ఉసిరికాయంత అయింది.

'కోసి తీసేయండి డాక్టర్‌గారూ' అందామె గాభరాగా. 'ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామమ్మా' అన్నాడాయన. సూదితో కణాలు లాగి చూస్తే ఒక్కోసారి అసలు రోగం దొరకదట. అది సార్కోమా అనే క్యాన్సరైతే పైకి గోలీలా కనిపించినా లోపల గరికవేళ్లలా కండరాల పొరల వెంట పాకుతుంది. పైపైన తీసేస్తే మళ్లీ మొలుస్తుంది. మొదటి ఆపరేషనే పెద్ద అవకాశం.

ఈ సంగతి పశువైద్యులకూ ఆలస్యంగానే తెలిసింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గడ్డలను పరీక్షించే హెండ్రిక్, గోల్డ్‌ష్మిట్ అనే ఇద్దరు, సూదులు వేసే చోటే ఇవి వస్తున్నాయని 1991లో అనుమానం బయటపెట్టారు. ఆ తరవాత వైద్యులు ఓ తేలిక లెక్క చెప్పారు... 3-2-1. టీకా వేసి 3 నెలలైనా గడ్డ పోకపోయినా, 2 సెంటీమీటర్లు దాటినా, 1 నెల తరవాత కూడా పెరుగుతున్నా ముక్క పరీక్ష చేయించాల్సిందే.

అలాగని టీకా మానకూడదు. ఈ క్యాన్సర్ వేల పిల్లుల్లో ఏ ఒక్కదానికో వస్తుంది. రేబిస్ వస్తే మాత్రం బతకదు. అందుకే టీకాను భుజాల మధ్య కాకుండా కాలి కింది భాగంలో వేయమంటున్నారు. అక్కడ గడ్డ వస్తే కాలు తీసేసైనా ప్రాణం నిలపొచ్చు.

రిపోర్టులో సార్కోమా అనే వచ్చింది. గడ్డ ఎంత లోతుకు పాకిందో స్కాన్‌లో చూసి, ఛాతీ ఎక్స్‌రే తీసి, చుట్టూ బాగా ఎడం పెట్టి ఆపరేషన్ చేశారు. 'మొదటి నెల దాటాకా పెరుగుతున్నప్పుడే తీసుకొచ్చి ఉంటే...' అన్నది ఆమెను ఇప్పటికీ వదలని బాధ.

పిల్లి మళ్లీ ఒళ్లోకి చేరుతోంది. ఆమె ఇప్పుడు ఊరికే నిమరదు. ప్రతి ఆదివారం వేళ్లతో మెల్లగా తడిమి చూసి, క్యాలెండరులో ఓ టిక్కు పెడుతుంది.