ధర్మం వేరు, దండగ వేరు

డాక్టర్ భార్య అనగానే చాలామంది మనసులో ఒక బొమ్మ మెదులుతుంది. పట్టుచీరలు, నగలు, డ్రైవరు నడిపే కారు. చిన్న ఊళ్ళో నర్సింగ్ హోమ్ నడిపే ఇంట్లో మాత్రం డాక్టర్ భార్య అంటే క్యాషియరు, స్టోర్ కీపరు, బాకీలు వసూలు చేసే గుమాస్తా. పద్దెనిమిదేళ్ళుగా నాది అదే ఉద్యోగం. జీతం లేదు, రిటైర్మెంటూ లేదు!

మాది నరసరావుపేట. పదిహేను పడకల ఆస్పత్రి. మావయ్యగారు కట్టించారు, మావారు నడుపుతున్నారు. దేవుడి దయవల్ల పేషెంట్లకి కొరత లేదు. అయినా నెల మొదట్లో బ్యాంకు వాయిదా కట్టాలంటే తడుముకోవలసి వచ్చేది. "ఇంతమంది వస్తున్నారు కదమ్మా, డబ్బంతా ఎటు పోతోంది?" అని బీకాం చదువుతున్న మా అబ్బాయి అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు మూడేళ్ళ క్రితం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించాకే దొరికింది.

అంతకుముందు మా పద్ధతంతా చీటీలే. వార్డు నుంచి ఒకటి, ల్యాబ్ నుంచి ఒకటి, మందుల షాపు నుంచి ఒకటి. డిశ్చార్జ్ రోజున వాటన్నిటినీ ముందేసుకుని కూడికలు. రాని చీటీ సంగతి ఎవరికి తెలుస్తుంది? రాత్రి రెండింటికి ఊపిరాడక వచ్చిన మనిషికి నెబులైజర్ పెడుతున్న సిస్టర్, పేషెంట్‌ని చూస్తుందా, మాస్కు చీటీ రాస్తుందా? పేషెంట్‌నే చూడాలి. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఆ మాస్కు డబ్బులు మాత్రం పోయినట్టే.

ఇప్పుడు స్టోర్లోంచి ఏ వస్తువు బయటికి వచ్చినా, దాని మీది బార్‌కోడ్‌ని పేషెంట్ నంబరుకి స్కాన్ చేస్తారు. టెస్టు రాయగానే అది ల్యాబ్‌కీ వెళ్తుంది, బిల్లులోకీ వెళ్తుంది. స్టోర్లో తగ్గిన సరుకుకీ, బిల్లుల్లో ఎక్కిన సరుకుకీ తేడా ఉంటే సాయంత్రానికి స్క్రీన్ మీద కనిపిస్తుంది.

మొదటి నెల ఆ తేడాలు చూస్తే నా తల తిరిగింది. ఒక కాన్యులా, రెండు జతల గ్లవ్స్, ఒక ఐవీ సెట్, ఒక షుగర్ స్ట్రిప్. విడిగా చూస్తే చిల్లర. అన్నీ కలిపితే రోజుకి సుమారు 400 రూపాయలు. నెలకి 12,000. ఏడాదికి 1,44,000. సాఫ్ట్‌వేర్‌కి మేము కట్టే అద్దె నెలకి 3,000. ప్రింటరు, స్కానరు, యూపీఎస్ ఖర్చు మొదటి ఏడాదిలోనే తిరిగి వచ్చేసింది.

రెండో లాభం ఎక్స్‌పైరీల దగ్గర. గడువు దగ్గర పడుతున్న మందుల జాబితా మూడు నెలల ముందే ఇస్తుంది. ముందు వాటిని వాడేస్తాం, మిగిలినవి ఏజెన్సీకి తిప్పి పంపిస్తాం. ఇదివరకు అలమరా దులిపినప్పుడల్లా ఒక బుట్టెడు మందులు పారబోసేవాళ్ళం. 2025 సెప్టెంబర్ 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు కూడా, షాపులో ఉన్న వందల రకాల ధరలు ఒక్కొక్కటే చేత్తో దిద్దుకునే బాధ తప్పింది.

మూడోది ఇన్సూరెన్సు. క్యాష్‌లెస్ పేషెంటు డిశ్చార్జ్‌కి కంపెనీ మూడు గంటల్లోపు అనుమతి ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ చెప్పింది. బాగానే ఉంది. కానీ మన ఫైనల్ బిల్లు వెళ్తేనే కదా వాళ్ళ గడియారం మొదలయ్యేది! చీటీల రోజుల్లో ఆ బిల్లుకే గంటన్నర పట్టేది. ఇప్పుడు పది నిమిషాలు. పైగా ఇన్సూరెన్సు వాళ్ళు ఇవ్వని వస్తువులు విడిగా కనిపిస్తాయి కాబట్టి, పేషెంటు తన జేబులోంచి ఎంత కట్టాలో ముందురోజే చెప్పేస్తున్నాం. వెళ్ళేటప్పుడు కౌంటర్ దగ్గర గొడవ లేదు. మధ్యాహ్నానికి మంచం ఖాళీ అయితే ఇంకొకరికి ఇవ్వచ్చు.

ఇంతవరకూ అందరూ చెప్పే లాభాలే. నాకు భయం వేసిన చోటు వేరే ఉంది.

సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు, "మేడమ్, ఇందులో ఆటోమేటిక్ ఛార్జ్ ఉంది. పేషెంటు చేరగానే రోజుకి ఇన్ని గ్లవ్స్, ఇన్ని సిరంజీలు అని బిల్లులో పడిపోతాయి. స్కానింగ్ కూడా అక్కర్లేదు" అన్నాడు ఉత్సాహంగా.

"వాడకపోయినా పడతాయా బాబూ?"

"పడతాయి మేడమ్. అదే కదా లాభం!"

ఆ లాభం మాకొద్దని అప్పుడే తీయించేశాను. వాడింది వదులుకోకూడదు, నిజమే. వాడనిది అడగకూడదు కూడా. మొదటిది లెక్క, రెండోది దొంగతనం. ఈ రెండూ చేయగల శక్తి ఒకే మిషన్‌కి ఉంది. ఏది చేయించాలో చెప్పాల్సింది మనమే.

తర్వాత ఆ అబ్బాయి, డిస్కౌంట్ ఇస్తే కారణం తప్పనిసరిగా ఎక్కించాలన్నాడు. స్టాఫ్, బంధువులు, పాత పేషెంట్లు అని జాబితా చదివాడు. నాకు మావయ్యగారు గుర్తొచ్చారు. "మిరపకాయలు అమ్మాక ఇస్తానయ్యా" అన్న రైతుని ఆయన ఏనాడూ నిలబెట్టి అడగలేదు. మావారిదీ అదే వరస, "ఉన్నంత ఇచ్చి వెళ్ళండి" అంటారు. అసలు ఇన్నాళ్ళూ చేతిలో డబ్బు నిలవకపోవడానికి ఈ మెతకదనమే కారణమని మా చుట్టాలందరి తీర్మానం.

"ఇంకో కారణం రాయి బాబూ, ధర్మం అని" అన్నాను. నవ్వుకుంటూ ఎక్కించాడు.

నెలాఖరుకి రిపోర్టు తీస్తే ధర్మం కింద పోయింది 7,500. చుట్టాలు అనుకున్నంత పెద్ద మొత్తమేమీ కాదు. లెక్కలోకి రాకుండా జారిపోయింది మాత్రం 12,000! అంటే ఇన్నేళ్ళూ మావారి మంచితనం మీద వేసిన నింద అబద్ధమన్నమాట. ఆ కాగితం ఆయన చేతిలో పెడితే చాలాసేపు చూశారు. "అయితే ఇంకొంచెం చెయ్యచ్చోయ్" అన్నారు. ఇప్పుడు నెలకి 10,000 ధర్మానికని విడిగా పెట్టుకున్నాం. అది అయిపోతే ఆగిపోతామని కాదు, ఎంత చేస్తున్నామో తెలిసి చేస్తున్నాం.

చిన్న క్లినిక్కులు నడిపేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక నెలపాటు స్టోర్ సరుకుకీ బిల్లులకీ తేడా చేత్తోనే లెక్క వేసుకోండి. ఆ తేడా అద్దె కంటే ఎక్కువైతేనే కొనండి. రోజూ బ్యాకప్ తీసుకోండి. కరెంటూ నెట్టూ రెండూ పోయే రోజు ఒకటి వస్తుంది కాబట్టి, సొరుగులో ఒక కాగితం బిల్లు పుస్తకం ఉంచుకోండి. డిస్కౌంట్ల జాబితాలో మా కారణం కూడా ఒకటి చేర్చుకోండి, దానికి అదనపు ఛార్జీ ఏమీ లేదు.