ముందు బాక్సులు, తర్వాతే ఆంప్లిఫయర్

పాటలు వినే సామానులో ఏళ్లు గడిచినా విలువ నిలిచేవి కొన్ని, కొట్టు గడప దాటగానే సగం ధరకు దిగిపోయేవి కొన్ని. స్పీకర్లు మొదటి రకం. బ్లూటూత్, రంగు లైట్లు, రిమోటు రెండో రకం. మా అనుమసముద్రంపేట ఇంట్లో పాటలకు ఏర్పాటు చేసుకోవాలనుకున్నప్పుడు నేను వేసుకున్న లెక్క ఇదొక్కటే. అందుకే చేతిలో ఉన్న దాంట్లో ముప్పావు వంతు స్పీకర్లకే పెట్టాను.

అవీ కొత్తవి కావు. మా ఊరు ఏఎస్ పేట అంటే ఖాజా నాయబ్ రసూల్ దర్గా. ఉరుసు రోజుల్లో ఎక్కడెక్కడి జనమో వస్తారు కాబట్టి ఈ చుట్టుపక్కల మైక్ సెట్ వాళ్లకు పని ఉంటుంది. వాళ్ల దగ్గరికి ఇళ్లలో వాడి వదిలేసిన స్పీకర్లు కూడా చేరుతుంటాయి. ఆత్మకూరులో ఒక భాయ్ దగ్గర చెక్క బాక్సుల జత 4,500కు దొరికింది. "ఆంప్లిఫయర్లదేముంది సార్, రోజుకొకటి వస్తుంది. మీరు ఈ కోన్ చుట్టూ అంచు చూడండి, రబ్బరు" అన్నాడు. అది అమ్మేవాడి మాటే అయినా నిజమైన మాట. అంచు ఫోమ్‌దైతే మన ఎండలకు, ఉక్కకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు చాలాకాలం ఆగుతుంది. కాయిల్ కాలినా తిరిగి కట్టేవాళ్లు ఉన్నారు. పాత సామాను కొనేటప్పుడు బేరం కన్నా ముందు ఈ అంచు మీద వేలు పెట్టి చూడాలి.

స్పీకరు వెనక అతికించిన చీటీలో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది, ఒక వాటుకు ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్‌లో చెప్పేది. జేబుకు సంబంధించిన అంకె అదే, కానీ ఎవరూ పట్టించుకోరు. ఆంప్లిఫయర్‌ను 20 వాట్ల నుంచి 40 వాట్లకు పెంచితే పెరిగేది 3 డెసిబెల్సే. 87 ఉన్న స్పీకరు బదులు 90 ఉన్నది కొంటే ఆ 3 డెసిబెల్స్ పైసా ఖర్చు లేకుండా వచ్చేస్తాయి. అట్టపెట్టెల మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ వాట్లను మాత్రం నమ్మొద్దు. ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగినవి, ఎన్నో రాయని పెట్టెను నేను ముట్టుకోను.

మొదటి ఆంప్లిఫయర్ 4440 ఐసీతో ఊళ్లో కట్టించింది, 1,200 రూపాయలు. ఆ ఐసీ స్టీరియోలో పక్కకు ఆరేసి వాట్లే ఇస్తుంది. మధ్యింటికి ఆ పన్నెండు వాట్లు చాలు, నమ్మితే నమ్మండి. వోల్టేజీ పడిపోయిన సాయంత్రాల్లో గొంతులు బొంగురుపోయేవి, అదొక్కటే లోటు.

దాన్ని మార్చడానికి డబ్బు చీటీలోంచి వచ్చింది. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు వెయ్యి. ఎవరైనా మూడు వేలు తగ్గించి పాడుకుంటే వాళ్ల చేతికి పదిహేడు వేలు వస్తాయి. ఆ మూడు వేలల్లో వెయ్యి నిర్వాహకుడి కమీషన్, మిగిలిన రెండు వేలు ఇరవై మందికి తలా వంద. మొదట్లో పాడుకున్నవాడికి చీటీ అప్పు, చివరిదాకా ఆగినవాడికి పొదుపు. పాటలు వినడానికి అప్పు చేయడమేమిటని నేను చివరిదాకా ఆగాను. పందొమ్మిది వేలు చేతికొచ్చాయి, కట్టింది అంతకంటే తక్కువే. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీ కాబట్టి నిద్ర పట్టింది. ఆ చట్టం కమీషన్‌కు మొదట 5 శాతం పరిమితి పెట్టింది, 2019లో దాన్ని 7 చేశారు. నోటిమాట మీద నడిచే వీధి చీటీలకు ఏ పరిమితీ లేదు.

కొట్టువాళ్లు వడ్డీ లేని ఈఎంఐ ఇస్తామన్నారు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో, మనకు దక్కకుండా పోయిన డిస్కౌంటులోనో కూర్చుని ఉంటుంది. "మొత్తం నోట్లు ఇస్తే ఎంతకిస్తావు?" అని అడిగితే అది బయటపడుతుంది.

చీటీ డబ్బులో 2,800 పెట్టి క్లాస్-డి బోర్డు, 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై కొన్నాను. వోల్టేజీ అటూఇటూ అయినా దానికి లెక్కలేదు, స్టెబిలైజరు ఖర్చు తప్పింది. పాత 4440 వంటింటి రేడియోకు తోడైంది. మిగిలిన డబ్బుతో 5.1 హోమ్ థియేటర్ కొనమని మా బావమరిది పట్టుబట్టాడు. అదే డబ్బును ఆరు బాక్సులకు పంచితే ఒక్కో బాక్సుకు దక్కేదెంత? పైగా మేం వినేది ఎక్కువగా ఘంటసాల కాలం పాటలు. అవి మోనోలో రికార్డయినవి, రెండు స్పీకర్లలోనూ ఒకటే వినిపిస్తుంది. ఆరైతే మాత్రం కొత్తగా ఏం వస్తుంది?

స్పీకరు తీగ సంగతి కూడా అంతే. వేలు పోసి కొనే తీగలున్నాయి. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్లకు అడ్డుపడేది 0.12 ఓం. 8 ఓంల స్పీకరుకు అది లెక్కలోకి రాదు.

అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చింది రూపాయి ఖర్చు లేని పని. బాక్సులను మూలల్లోంచి జరిపి, చెవి ఎత్తుకు స్టూళ్ల మీద పెట్టి, ఎదుటి గోడకు పాత బొంత వేలాడదీశాం. శ్లాబు ఇంట్లో గింగురుమనే మోత తగ్గింది. పరీక్షకు 'శంకరాభరణం' పెట్టాను. నెల్లూరు వాళ్లం, బాలు గొంతు దగ్గర మాకు పక్షపాతం ఉంటుంది. కానీ కారణం కూడా ఉంది: మనిషి గొంతులో తప్పును చెవి ఇట్టే పట్టేస్తుంది. చౌక బాక్సుల్లో దరువు బాగానే ఉంటుంది, గొంతే ముక్కుతో పాడినట్టు వస్తుంది.

ఇప్పుడు మిగిలింది సబ్‌వూఫరు. మాకూ పక్కింటికీ గోడ ఒకటే కాబట్టి దాన్ని కొనడం లేదు. దానికని దాచింది బ్యాంకు ఆర్డీలో ఉంది. ఎండాకాలం వస్తే బోరు మోటారు మొరాయిస్తుందనీ, ఆ డబ్బు రీవైండింగుకేననీ మా ఆవిడ ఎప్పుడో తేల్చేసింది.