హంతకుడు హీరోనా?
శుక్రవారం రాత్రి పిల్లలతో సినిమా చూడడం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి అలవాటు. ‘మై ఔర్ చార్లెస్’ (2015)లో రణ్‌దీప్ హుడా వేసిన చార్లెస్ శోభరాజ్ పాత్ర చూసి మా అబ్బాయి, “భలే స్టైలుగా ఉన్నాడు నాన్నా!” అన్నాడు. నిజమే. 1986లో కాపలావాళ్ళకు మత్తుమందు పెట్టి తీహార్ జైలు నుంచి తప్పించుకున్నవాడి కథ తెరమీద బాగానే పండుతుంది. కానీ 1975లో ఖాట్మండులో హత్యకు గురైన అమెరికన్ యువతి మావాడికి తెలియదు. ఆ కేసులోనే నేపాల్ కోర్టు శోభరాజ్‌కు 2004లో యావజ్జీవ శిక్ష వేసింది.

మన ఓక్లాండ్ కౌంటీలోనే 1976-77లో 10 నుంచి 12 ఏళ్ళ పిల్లలు నలుగురు హత్యకు గురయ్యారు. హంతకుడెవరో ఇప్పటికీ తేలలేదు. అందుకే ఇక్కడ పాతవాళ్ళు తలుచుకునేది ఆ పిల్లల్నే.

సినిమాలు చూడొద్దనను. చూశాక మాత్రం పిల్లల్ని ఒక్కమాట అడగండి: “చనిపోయినవాళ్ళ గురించి మనకేం చెప్పారు?”