పూడిక మట్టితో వచ్చింది

పశువు ముట్టని మొక్కతో పశువుకేం భయం అనుకునేవాణ్ణి. మరుల మాతంగి విషయంలో ఆ లెక్క తప్పింది. ఒక దూడ పోయింది.

మాది కామారెడ్డి వైపు. నల్లరేగడిలో సోయా, పక్క మడిలో మక్క. ఒక వేసవి ఊరి చెరువు ఎండితే అందరిలాగే నేనూ పూడిక మట్టి తోలించుకున్నాను. మట్టి మంచిదే, దానికి వంక పెట్టను. కానీ దాని నిండా మరుల మాతంగి ఎండిన ముళ్లకాయలు. అంగుళంలోపు పొడవు, ఒళ్లంతా వంకీ తిరిగిన ముళ్లు, కొసన రెండు కొమ్ములు. చూసి కూడా, కుళ్లి ఎరువవుతాయిలే అని ట్రాక్టరు డ్రైవరుకు నేనే సర్దిచెప్పాను. అంత తేలిగ్గా కుళ్లే కాయ కాదది. నీటి మీద తేలుతుంది, గొర్రె ఉన్నికో గోనెసంచికో పట్టుకుని ఊళ్లు దాటుతుంది. నీళ్లు తగ్గేకొద్దీ చెరువు శిఖంలో మొలిచి కాసేది అదే. ఆ కాయల్ని నేను కిరాయి ఇచ్చి మరీ చేనుకు తెచ్చుకున్నాను.

తొలకరికి మట్టి కుప్పల మీద మొలకలు గుంపులుగా లేచాయి. పొడవాటి, మందపాటి, నిగనిగలాడే రెండేసి ఆకులు. మట్టిలో సారం ఉందని సంబరపడ్డాను. గట్టు మీద ఇంకా గడ్డి రాలేదు, దూడను ఆ కుప్పల దగ్గరే కట్టేశాను. ఎదిగిన మొక్కను బర్రెలు వాసన చూసి వదిలేయడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి, ఇదీ అంతే అనుకున్నాను. మర్నాడు దూడ తూలింది, వణికింది, పడిపోయి కాళ్లు కొట్టుకుంది. పాము కాటనుకున్నాం. రెండ్రోజులకు మందతో అటుగా వచ్చిన గొర్ల కాపరి తాత కుప్పల దగ్గర ఆగాడు. “గీ మొలకలున్న కాడికి నేను మందను తోలనే తోల బిడ్డా. పెద్దగైనంక గొర్రె దాని దిక్కు సూడది. రెండాకులప్పుడే తింటది, గప్పుడే పానం తీస్తది” అన్నాడు.

తాత మాటలో తప్పేమీ లేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. కార్బాక్సీఅట్రాక్టిలోసైడ్ అనే విషం గింజలోనూ, తొలి రెండాకుల్లోనూ ఉంటుంది. అసలు ఆకులు వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. కణంలో తయారైన శక్తి మైటోకాండ్రియా దాటి బయటికి రాకుండా అది అడ్డుపడుతుంది. కాలేయం దెబ్బతింటుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. పశువు బరువులో నూటికి ఒకటి రెండు వంతుల మొలకలు చాలు. మనుషుల్నీ వదల్లేదు. 2007లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంలో వరదల తర్వాత తిండి దొరకని కుటుంబాలు ఈ మొలకల్ని కూర వండుకుని తిన్నాయి. 76 మంది జబ్బుపడితే 19 మంది చనిపోయారు.

ఆ కోపంతో చేనంతా దున్నించాను. సోయా విత్తాక పెండిమిథాలిన్ కొట్టించాను. ఆ మందు నేల పై పొరలోనే పనిచేస్తుంది, అదీ ముఖ్యంగా సన్నగింజ కలుపు మీద. ఈ గింజ పెద్దది, జానెడు లోతుకు కాస్త తక్కువలో పడినా పైకి తన్నుకొస్తుంది. దుక్కి దున్ని నేను దాన్ని సరిగ్గా అక్కడికే దించాను. సాలు మధ్య గుంటక తోలి, మిగిలింది కూలీలతో తీయించి, ఆ ఏడు గెలిచాననే చెప్పుకున్నాను.

మరుసటి వానాకాలం మళ్లీ అదే చేనులో అదే మొక్క. ఈసారి మట్టి తోలలేదు, ఎక్కడిదో అర్థం కాలేదు. ప్రతి కాయలోనూ రెండు గదులుంటాయి, గదికో గింజ. పెద్దది తొలి వానలకే మొలుస్తుంది. చిన్నది, కరువు చూసిన రైతు గాదెలో విత్తనం మిగుల్చుకున్నట్టు, మరుసటి ఏటికో ఆపై ఏటికో ఆగుతుంది. దాని పైపొర ఆక్సిజన్‌ను సరిగా లోపలికి రానివ్వదని 1906లోనే విలియం క్రాకర్ రాశాడు. నేను పీకించింది సగం పంటనే.

ఇంకో పొరపాటు సోమరితనం వల్ల జరిగింది. ఆలస్యంగా మొలిచి సోయా నీడలో గిడసబారిన మొక్కల్ని, అవేం కాస్తాయిలే అని వదిలేశాను. పూతకు దానికి కావలసింది ఎత్తు కాదు, చీకటి. 1938లో అమెరికాలో హామ్నర్, బోనర్ ఈ మొక్క మీదే ప్రయోగాలు చేసి, పొడవైన రాత్రి ఒక్కటి దొరికినా అది పూతకు తిరుగుతుందని చూపించారు. వాళ్ల మొక్కలకు ఎనిమిదిన్నర గంటలకు మించిన చీకటి సరిపోయింది. మా వైపు నడి వేసవిలో కూడా రాత్రి పది గంటలకు తగ్గదు. గాలితోనే పరాగం సాగుతుంది, తేనెటీగ కోసం ఎదురుచూడదు. నేను వదిలేసిన జానెడు మొక్కలు కూడా సోయా కోతకొచ్చేసరికి ఆకుల మొదళ్లలో కాయలు పెట్టుకున్నాయి. కోతలో దొరికినవన్నీ పీకించి కాలువలో పడేయించాను. కింద పొలం వదినకు ఆ కాయలన్నీ నీళ్లతో పాటు చేరాయి. ఆమె నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు, న్యాయమే.

ఇప్పుడు భాద్రపదంలో, కాయ గట్టిపడకముందే ఒకసారి చేనంతా తిరుగుతాను. పీకినవి గట్టు మీద ఎండబెట్టి కాలుస్తాను. చేనులో మంద పెట్టించే ముందు గొర్రెల ఉన్ని తడిమి చూస్తాను. కాపరి తాత నవ్వుతాడు కానీ ఆగుతాడు.

చెరువు శిఖం మాత్రం అలాగే ఉంది. అది ఎవరి పట్టా కాదు కనుక అక్కడ ఎవరూ పీకరు, వేసవిలో మాత్రం అందరికీ ఆ మట్టే కావాలి. కాయ కట్టకముందు శిఖం శుభ్రం చేయిద్దామని ఊళ్లో అడిగాను. కూలి ఎవరు పెట్టాలన్న దగ్గర మాట ఆగింది. సగం నాదన్నాను. మిగతా సగానికి మనుషుల్ని అడుగుతున్నాను.